ఉప్పు తగినంత: బ్రెయిన్ స్టిమ్యులేషన్ డేటా పంచుకోవడంలో అసలు చిక్కు

మెదడు పరిశోధనల డేటాను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే ఓపెన్‌న్యూరో అనే రిపాజిటరీలో డీఎస్004080 అనే నంబరుతో ఒక డేటాసెట్ ఉంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. లోపల ఒక్కో పేషెంటుకు ఒక్కో ఫోల్డర్. ఆ ఫోల్డర్లలో ఎక్కువ చోటు తినేది మెదడు సిగ్నల్ రికార్డింగులు, సెకనుకు 2048 సార్లు కొలిచి పెట్టినవి. వాటి పక్కనే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే చిన్న టెక్స్ట్ ఫైల్ ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో వరుస మెదడుకు ఇచ్చిన ఒక్కో కరెంటు పల్స్: ఇన్నో సెకనులో, ఈ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య, 0.008 ఆంపియర్లు. ఐదు సెకన్లయ్యాక మళ్లీ అవే రెండు ఎలక్ట్రోడ్లు, మళ్లీ 0.008. ఇలా పదిసార్లు, తర్వాత పక్క జత.

చూడ్డానికి కిరాణా కొట్టు చిట్టాలా ఉంటుంది. కానీ ఆ చిట్టా పోతే పక్కనున్న జీబీల డేటా ఉన్నా లేనట్టే. ఎక్కడ కరెంటు ఇచ్చారో, ఎంత ఇచ్చారో, ఏ క్షణంలో ఇచ్చారో తెలియకపోతే ఆ గీతల్లో ఏది మెదడు ఇచ్చిన జవాబో, ఏది దాని మామూలు రొదో చెప్పడం ఎవరి వల్లా కాదు. బ్రెయిన్ స్టిమ్యులేషన్, అంటే మెదడుకు ఇలా కరెంటు ఇచ్చి చూసే ప్రయోగాల డేటాను బయట పెట్టాలా వద్దా అని చర్చ జరిగినప్పుడల్లా మాట ప్రైవసీ దగ్గరకో, పోటీ ల్యాబ్ కొట్టేస్తుందేమోనన్న భయం దగ్గరకో పోతుంది. అవీ నిజమే. అయితే పంచిన డేటా పనికొస్తుందా లేదా అన్నది చాలాసార్లు ఆ చిట్టా దగ్గరే తేలిపోతుంది, దాన్ని ఓపిగ్గా రాసేవాళ్లే తక్కువ.

ముందు ఆ డేటా ఎక్కడిదో చూద్దాం. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో మందులకు లొంగని మూర్ఛతో చేరిన 74 మంది పేషెంట్లది. నాలుగేళ్ల పిల్లల నుంచి 51 ఏళ్ల పెద్దవాళ్ల దాకా ఉన్నారు. ఫిట్స్ మెదడులో ఎక్కడ మొదలవుతున్నాయో కనిపెట్టి ఆ భాగాన్ని తీసేయడానికి ఆపరేషన్ చేస్తారు, కానీ కోసేముందు ఆ చోటు కచ్చితంగా తెలియాలి. అందుకని పుర్రె తెరిచి మెదడు పైపొర మీద ఎలక్ట్రోడ్ల పట్టీలు పరిచి, కొన్ని రోజులు అలాగే ఉంచి రికార్డ్ చేస్తారు. ఆ రోజుల్లోనే ఈ పల్స్‌ల పరీక్ష కూడా చేస్తారు. ఒక్కో పల్స్ ఒక మిల్లీసెకను, మామూలుగా 8 మిల్లీఆంపియర్లు, నొప్పి వచ్చే చోటైతే తగ్గిస్తారు. ఒక చోట కరెంటు ఇస్తే ఇంకెక్కడ కదలిక వస్తుందో చూడటమే పని. పాత ఇల్లు కొన్నవాళ్లు ఒక్కో స్విచ్ వేసి ఏ గదిలో బల్బు వెలుగుతుందో చూసుకుంటారే, అలాంటిదే. ఇక్కడ ‘బల్బు’ అంటే ఆ రెండో చోట రికార్డింగులో 10 నుంచి 100 మిల్లీసెకన్ల లోపు కనిపించే ఒక వంపు.

ఇది వైద్యం కోసం చేసిన పరీక్ష. పేషెంటుకు ఆపరేషన్ అయిపోగానే హాస్పిటల్ వరకు ఆ ఫైళ్ల పని తీరిపోయినట్టే. కానీ ఏళ్ల తరబడి దాచిన ఆ రికార్డింగుల్ని ఒక్కచోట చేర్చి, వయసు ప్రకారం పేర్చి చూస్తే వేరే సంగతి బయటపడింది. మెదడు ముందు భాగం నుంచి పక్క భాగానికి, అంటే ఫ్రాంటల్ నుంచి పెరైటల్‌కు, సిగ్నల్ చేరడానికి నాలుగేళ్ల వయసులో సగటున 45 మిల్లీసెకన్లు పడుతుంటే 38 ఏళ్లకు 20 మిల్లీసెకన్లే పడుతోంది. ఈ వేగం కనీసం 30 ఏళ్ల వరకు పెరుగుతూనే ఉంది. 2023లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన ఈ ఫలితం డోరియన్ వాన్ బ్లోయిస్, డోరా హెర్మెస్ తదితరులది, ఉట్రెక్ట్‌తో పాటు అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లూ ఇందులో ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడి పుర్రె తెరిచి ఈ కొలత తీయడం ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. కాబట్టి ఇలాంటి సంఖ్య రావాలంటే హాస్పిటల్ బీరువాల్లో పడున్న పాత రికార్డింగులే దిక్కు. ఫలితంతో పాటు డేటానూ బయట పెట్టేశారు కాబట్టి ఆ 45, ఆ 20 నమ్మబుద్ధి కాని వాళ్లు తామే లెక్కగట్టుకోవచ్చు. ఇది మూర్ఛ ఉన్న మెదళ్ల డేటా అన్న మెలిక ఎలాగూ ఉంది, దాని మీద వాదించదలుచుకున్న వాళ్లకు కూడా సరుకు చేతిలోనే ఉంది.

ఒక ల్యాబ్ తన పేషెంట్లతో తాను ఎందుకు సరిపెట్టుకోలేదంటే సంఖ్య చాలదు. పుర్రె తెరిచి ఎలక్ట్రోడ్లు పెట్టించుకునే వాళ్లు ఒక హాస్పిటల్‌కు ఏడాదికి ఎంతమంది వస్తారు? ఎలక్ట్రోడ్లు కూడా ఒక్కొక్కరికి ఒక్కోచోట, ఫిట్స్ అనుమానం ఎక్కడుంటే అక్కడ. ఒకరి మెదడు ఎడమవైపు, ఇంకొకరిది అడుగున. అందరినీ కలిపితే తప్ప మెదడంతా కవర్ కాదు. బయటి నుంచి ఇచ్చే స్టిమ్యులేషన్‌లో కూడా పదీ ఇరవై మందితో తేల్చేసిన పేపర్లు బోలెడు. 2013లో న్యూరోసైన్స్ పరిశోధనల గణాంక బలం మీద వచ్చిన ఒక ప్రసిద్ధ లెక్క ప్రకారం ఆ బలం మధ్యస్థంగా 21 శాతం. అంటే నిజంగా ప్రభావం ఉన్నా సరే, ఐదుసార్లు వెతికితే ఒక్కసారే దొరికేంత బలహీనమైన ప్రయోగాలు.

ఇక ‘ఎంత ఇచ్చారు’ అన్న ప్రశ్న. ఎంఆర్ఐ లాంటివి మెదడును చూసి ఊరుకుంటాయి, స్టిమ్యులేషన్ మెదడు మీద పని చేస్తుంది. మందులాంటిది, డోసు ఉంటుంది. మందు మీద పేపర్ రాస్తూ మిల్లీగ్రాములు రాయకపోతే ఎవరూ అచ్చు వేయరు. స్టిమ్యులేషన్‌లో మాత్రం వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని రాసినట్టు రాసినా చాలాకాలం చెల్లిపోయింది.

టీఎంఎస్ సంగతే తీసుకోండి. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథనీ బార్కర్ బృందం చేసి చూపించిన పద్ధతి ఇది. తల మీద ఒక కాయిల్ పెట్టి, క్షణకాలం బలమైన అయస్కాంత క్షేత్రం పుట్టిస్తే, దాని వల్ల లోపల మెదడులో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చెప్పిన సూత్రమే. పేపర్లలో డోసు ఎలా రాస్తారంటే ‘మోటార్ థ్రెషోల్డ్‌లో 120 శాతం’ అని. మోటార్ థ్రెషోల్డ్ అంటే, చేతి కండరాన్ని నడిపే చోట కాయిల్ పెట్టి, పదిసార్లు పల్స్ ఇస్తే కనీసం ఐదుసార్లు ఆ కండరంలో 50 మైక్రోవోల్టుల కదలిక వచ్చేంత బలం. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ 120 శాతం అన్నది మెషిన్ డయల్ మీద ఎంత? ఒక మెషిన్‌లో 60 ఇంకో కంపెనీ మెషిన్‌లో 60తో సమానం కాదు, కాయిల్ మారినా లెక్క మారిపోతుంది. కాయిల్‌ను ఎంత కోణంలో పట్టుకున్నారు? మామూలుగా నడినెత్తి గీతకు 45 డిగ్రీలంటారు, నాలుగో వంద పల్స్ దగ్గర చెయ్యి నొప్పెట్టి పట్టుకున్న మనిషి చెయ్యి జారితే అది ఎక్కడ రికార్డవుతుంది? కెమెరాతో కాయిల్‌ను వెంటాడే నావిగేషన్ సిస్టమ్ ఉంటే ప్రతి పల్స్‌కూ కాయిల్ ఎక్కడుందో కంప్యూటర్‌లో ఉంటుంది. ఉంటుంది గానీ, పేపర్‌తో పాటు ఆ ఫైల్ బయటికి రావడం అరుదు. రిపాజిటరీలో పెట్టాల్సిన వాటిలో మొదటిది అదే కదా అనిపిస్తుంది.

టీడీసీఎస్ ఇంకా తిరకాసు. స్పాంజి ఎలక్ట్రోడ్లు నుదుటి మీద, తల మీద కట్టి ఒకటి రెండు మిల్లీఆంపియర్ల కరెంటు పారించడం. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలుస్ దీనితో మోటార్ కార్టెక్స్, అంటే కండరాల్ని కదిలించే మెదడు భాగం, చురుకుదనం మారుతుందని చూపించాక ఈ రంగం ఒక్కసారిగా పుంజుకుంది. జ్ఞాపకశక్తికి, లెక్కలకు, డిప్రెషన్‌కు, అన్నిటికీ ఇదే మందన్నట్టు పేపర్లు వచ్చాయి. తర్వాత 2016లో న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన జార్జీ బుజాకీ ఒక సదస్సులో శవం తల మీద చేసిన కొలతలు చెప్పేసరికి కలకలం రేగింది. 2018లో అచ్చయిన పేపర్ ప్రకారం పైన పెట్టిన కరెంటులో దాదాపు మూడొంతులు చర్మం, కండ, పుర్రెలోనే ఖర్చయిపోతుంది. డబ్బా మీద 2 మిల్లీఆంపియర్లు అని ఉన్నా లోపలికి చేరేది మనిషిని బట్టి, పుర్రె మందాన్ని బట్టి మారుతుందన్నమాట. సాంబారులో వేసిన ఉప్పు ఒకటే, నోటికి తగిలేది వేరు.

ఇక్కడే డేటా పంచడం వల్ల జరిగిన మేలు కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. న్యూయార్క్ సిటీ కాలేజీలోని లూకాస్ పర్రా బృందం, అక్కడి డాక్టర్లతో కలిసి, మూర్ఛ ఆపరేషన్ కోసం అప్పటికే ఎలక్ట్రోడ్లు పెట్టించుకుని ఉన్న పదిమంది పేషెంట్ల తల మీద బయటి నుంచి కరెంటు పెట్టి, లోపల ఎంత చేరిందో నేరుగా కొలిచింది. 2017లో ఈలైఫ్ అనే జర్నల్‌లో వచ్చింది. 2 మిల్లీఆంపియర్లు పెడితే లోపలి విద్యుత్ క్షేత్రం మీటరుకు ఒక వోల్టుకు కూడా చేరలేదు. ఆ కొలతల్ని సీఆర్‌సీఎన్ఎస్ అనే రిపాజిటరీలో పెట్టారు. అంతవరకు ఒక్కో గ్రూపు తన కంప్యూటర్ మోడల్ తనే గొప్పదనుకుంటూ ఉండేది, ఎవరి తల వారిది, ఎవరి లెక్క వారిది. ఇప్పుడు ఏ మోడల్ రాసినా ఆ పదిమంది తలల మీద పెట్టి సరిచూసుకోవచ్చు. పదిమందే, కానీ అందరికీ అందుబాటులో ఉన్న పదిమంది. తాళం వేసిన గదిలో వందమంది కంటే ఈ పదిమందితోనే ఎక్కువ పని జరుగుతుంది.

రిపాజిటరీలో పెట్టడమంటే ఫైళ్లు జిప్ చేసి ఎక్కించేయడం అనుకుంటే పొరపాటు. ఓపెన్‌న్యూరో బిడ్స్ అనే పద్ధతిలో లేని డేటాను లోపలికే రానివ్వదు. బిడ్స్ 2016లో వచ్చింది, మొదట ఎంఆర్ఐ కోసం, 2019లో తల మీద నుంచి మెదడు సిగ్నల్స్ కొలిచే ఈఈజీకి, మెదడు లోపలి ఎలక్ట్రోడ్ల రికార్డింగులకు కూడా విస్తరించారు. ఫోల్డర్ పేరు ఇలాగే ఉండాలి, ఎలక్ట్రోడ్ల జాబితా ఈ పేరుతోనే ఉండాలి, కరెంటు యూనిట్ ఏమిటో పక్కనే రాయాలి అని చెబుతుంది. ఎక్కించేటప్పుడు వ్యాలిడేటర్ అనే ప్రోగ్రామ్ గీత తప్పిన ప్రతిదాన్నీ ఎర్రగా చూపిస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఆ ఎర్ర వరుసలు చూస్తే టెన్షన్ వస్తుంది గానీ, అసలు భయపడాల్సింది పచ్చగా కనిపించినప్పుడు. వ్యాలిడేటర్‌కు రూపం తెలుసు, నిజం తెలియదు. 8 మిల్లీఆంపియర్లను ఆంపియర్ల కాలమ్‌లో 8 అని రాసినా అది అంకే కాబట్టి ఊరుకుంటుంది. రికార్డింగ్ మధ్యలో కనెక్టర్ తీసి మళ్లీ గుచ్చేటప్పుడు రెండు వైర్లు తారుమారైతే, ఆ సంగతి ఆ రోజు డ్యూటీలో ఉన్న టెక్నీషియన్ నోటుబుక్కులో ఉంటుంది, లేదా ఆమె జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. ఆమె ఉద్యోగం మారితే ఆ సమాచారమూ ఆమెతోనే వెళ్లిపోతుంది. డేటాను బయట పెట్టే పనిలో సగం, తలల్లో ఉన్న ఇలాంటి సంగతుల్ని ఫైల్లోకి దించడమే. అందుకని ఈ పని పేపర్ అయిపోయాక తీరిగ్గా చేద్దామనుకున్నవాళ్లు చేయలేరు, మొదటి పేషెంటు రోజు నుంచే చేస్తేనే అవుతుంది.

రా డేటా, అంటే రికార్డయింది రికార్డయినట్టు పెట్టాలా, శుభ్రం చేసింది పెట్టాలా అన్నదీ ఇక్కడ మామూలు ప్రశ్న కాదు. పల్స్ ఇచ్చిన క్షణంలో యాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరై పెద్ద ముల్లులాంటి గీత పడుతుంది, మొదటి కొన్ని మిల్లీసెకన్లు మెదడు జవాబు దాని కింద మునిగిపోతుంది. దాన్ని తీసేసే పద్ధతులు చాలా ఉన్నాయి, ఏదీ పూర్తిగా అమాయకమైనది కాదు. శుభ్రం చేసిందే పెడితే, చేసినవాళ్ల నిర్ణయాలు కూడా అందులో కలిసిపోయి విడదీయరాకుండా పోతాయి.

డీఎస్002799 అనే ఇంకో డేటాసెట్‌లో ఇది మరో రకంగా కనిపిస్తుంది. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ పేషెంట్లు 26 మంది. మెదడులో ఎలక్ట్రోడ్లు ఉండగానే ఎంఆర్ఐ స్కానర్‌లోకి పంపి, లోపల కరెంటు ఇస్తూ మెదడంతటా వచ్చే మార్పును ఫంక్షనల్ ఎంఆర్ఐతో పట్టుకున్నారు. లోహం ఉన్న తలను స్కానర్‌లో పెట్టడం ఆషామాషీ పని కాదు, ముందు జెల్‌తో చేసిన నమూనా మీద వేడి ఎంత పుడుతుందో చూసుకున్నాకే మనుషుల దాకా వచ్చారు. స్కాన్ బొమ్మల్లో ఎలక్ట్రోడ్లున్న చోటల్లా నల్లటి మచ్చలుంటాయి, అక్కడ సిగ్నల్ ఉండదు. అంటే సరిగ్గా కరెంటు ఇచ్చిన చోటే మెదడు కనిపించదు. ఈ లోపాన్ని దాచకుండా మచ్చలతో సహా పెట్టేశారు, 2020లో సైంటిఫిక్ డేటా అనే జర్నల్‌లో ఆ వివరమంతా రాశారు. డేటా గురించే ఒక పేపర్ రాసుకోవచ్చన్న వెసులుబాటు చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ప్రమోషన్లకు పేపర్లు లెక్కపెట్టే లోకంలో ఎక్కించిన వాళ్లకు దక్కే పేరు చాలావరకు అదే.

కొట్టేస్తారన్న భయానికి ఓపెన్‌న్యూరో ఇచ్చిన జవాబు 36 నెలల గడువు. ఎక్కించాక అంతవరకు తలుపు వేసి ఉంచుకోవచ్చు, తర్వాత తెరవాల్సిందే. మూడేళ్లలో తమ పేపర్ తాము రాసుకోలేకపోతే ఇంకెవరో రాశారని ఏడవడంలో అర్థం లేదు. అమెరికాలో వైద్య పరిశోధనలకు ప్రభుత్వం తరఫున డబ్బిచ్చే ఎన్ఐహెచ్ అయితే 2023 జనవరి 25 నుంచి, గ్రాంటుకు అప్లై చేసేటప్పుడే డేటా ఎలా దాస్తారో, ఎలా పంచుతారో రాసివ్వాలన్న నియమం పెట్టింది. ప్లాన్ రాయడం, పని చేయడం ఒకటి కాదని ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా తెలుసు.

ప్రైవసీ విషయంలో పైకి కనిపించని మడతపేచీ ఒకటుంది. తల ఎంఆర్ఐలో ముఖం కూడా పడుతుంది. 2019లో మేయో క్లినిక్ వాళ్లు 84 మంది వాలంటీర్ల ఎంఆర్ఐ నుంచి ముఖాలు కట్టి, మామూలుగా దొరికే ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్‌తో వాళ్ల ఫొటోలకు జతపరిస్తే 83 శాతం మంది దొరికిపోయారు. అందుకే రిపాజిటరీలో పెట్టేముందు ముక్కు, కళ్లు, నుదుటి భాగం చెరిపేస్తారు, డీఫేసింగ్ అంటారు. మెదడును మాత్రమే చూసేవాళ్లకు ఇబ్బంది లేదు. టీడీసీఎస్ చేసేవాళ్లకు మాత్రం ఇది తద్దినం. కరెంటు పారేది చర్మం, పుర్రె గుండా, ఎలక్ట్రోడ్ పెట్టేది తరచూ నుదుటి మీదే. చెరిపేసిన ముఖంతో కరెంటు ఎటు పోయిందో లెక్కగడితే తప్పు వస్తుంది, చెరపకపోతే మనిషి బయటపడతాడు. కొందరు ఎంఆర్ఐని ముందే కంప్యూటర్ మోడల్‌గా మార్చి, ఆ లెక్కల ఫలితాన్ని, చెరిపేసిన బొమ్మను విడివిడిగా పెడతారు. మధ్యేమార్గమే, పూర్తి జవాబు కాదు.

తేదీల సంగతి కాస్త నవ్వొస్తుంది. పరీక్ష జరిగిన తేదీ కూడా మనిషిని పట్టించేదే కాబట్టి దాన్ని వెనక్కి జరపాలి. అది జరిపిన తేదీ అని చూడగానే తెలిసేందుకు 1925కో అంతకంటే పాత సంవత్సరానికో జరపమంటుంది బిడ్స్. దాంతో కొన్ని డేటాసెట్లలో ఈఈజీ రికార్డింగులు 1900వ సంవత్సరంలో జరిగినట్టుంటాయి. హాన్స్ బెర్గర్ మనిషి ఈఈజీని మొదటిసారి పట్టుకున్నది 1924లో.

హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట్ల పార్కిన్సన్స్ పేషెంట్లకు మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్లు అమర్చే డీబీఎస్ ఆపరేషన్లు ఏళ్లుగా జరుగుతున్నాయి. ఇక్కడ కూర్చున్న విద్యార్థి ఎవరైనా ఉట్రెక్ట్ డేటాను ఈ రాత్రికే దించుకుని పని మొదలుపెట్టవచ్చు, పర్మిషన్ లెటర్లు అక్కర్లేదు. కానీ ఆ తలలు మన తలలు కావు. 2019లో ట్రిపుల్ఐటీ హైదరాబాద్ వంద మంది ఎంఆర్ఐలతో భారతీయ బ్రెయిన్ అట్లాస్ తయారుచేసింది. పాశ్చాత్యుల మెదడుతో పోలిస్తే మన సగటు మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం అన్నీ కాస్త తక్కువేనని అందులో తేలింది. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు, తెలివికీ దీనికీ సంబంధం లేదు. కరెంటు లెక్కకు మాత్రం సంబంధం ఉంది. విదేశీ తలల మీద సరిచూసిన మోడల్ చెప్పిన 2 మిల్లీఆంపియర్లు ఇక్కడి తలలో ఎంతవుతుందో చెప్పాలంటే ఇక్కడి డేటా కావాలి. దానికి చట్టం మరీ అడ్డమేమీ కాదు, 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చింది. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం పేషెంటుకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ‘మీ డేటాను ఓపెన్ రిపాజిటరీలో పంచుకుంటాం’ అన్న వాక్యాన్ని తెలుగులోకి మక్కీకి మక్కీ మార్చి సంతకం పెట్టించుకోవడం తేలిక. ‘మీ తల లోపల తీసిన రికార్డింగును, పేరూ ఊరూ తీసేసి, ప్రపంచంలో ఎవరైనా చూసేలా ఇంటర్నెట్‌లో పెడతాం, ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేం’ అని చెప్పి సంతకం అడగడం కష్టం. అడగాల్సింది మాత్రం రెండోదే.

ఆ చివరి ముక్క ఉత్తమాట కాదు. ఓపెన్‌న్యూరోలో డేటా సీసీ0 లైసెన్సుతో ఉంటుంది, అంటే ఎక్కించినవాళ్లు హక్కులన్నీ వదులుకున్నట్టే. ఎవరైనా తీసేయమంటే తర్వాతి వెర్షన్‌లో తీసేయవచ్చు, కానీ అప్పటికే దించుకున్న వాళ్ల హార్డ్‌డిస్కుల్లో అది అలాగే ఉంటుంది. నాలుగేళ్ల పిల్లల తరఫున సరే అనగలిగేది పెద్దవాళ్లే. ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యాక, నా పేరు లేకపోయినా అది నా తలే కదా, నన్నెవరు అడిగారు అంటే, ఏ రిపాజిటరీ దగ్గరా దానికి ఇంకా సరైన బటన్ లేదు.